జ్వరం తగ్గింది సరే, కిడ్నీ మాటేమిటి?

తీవ్రమైన మలేరియా ముదిరితే కొందరికి మూత్రం తగ్గిపోతుంది. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, జాగ్రత్తగా ఎక్కించిన సెలైన్, తప్పనిసరైతే నాలుగైదు సార్లు డయాలిసిస్‌తో గండం గడుస్తుంది. మూత్రం మళ్లీ మామూలుగా వస్తుంది, క్రియాటినిన్ దిగుతుంది, రోగి ఇంటికి వెళ్తాడు. ఆసుపత్రి రికార్డులో ఆ కేసు అక్కడితో ముగుస్తుంది. కానీ కొందరి కిడ్నీల్లో అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

రక్తం సరిగా అందక దెబ్బతిన్న కిడ్నీ తర్వాత కాలంలో ఎందుకు క్షీణిస్తుందన్న ప్రశ్నకు గత పాతికేళ్ల పరిశోధన ఇచ్చిన జవాబు ఆసక్తికరమైనది. రక్తం అందని ఆ కొన్ని గంటలు చేసే నష్టం ఒకటి. ఆ నష్టాన్ని చూసి శరీరపు సొంత రోగనిరోధక వ్యవస్థ పంపుకునే సంకేతాలు, అవి సకాలంలో ఆగకపోవడం వల్ల జరిగే నష్టం మరొకటి. రెండోది నిశ్శబ్దంగా వారాలు, నెలలు సాగుతుంది. చివరికి కిడ్నీలో పనిచేసే కణజాలం స్థానంలో మచ్చ మిగులుతుంది. వైద్యులు దీన్ని ఫైబ్రోసిస్ అంటారు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి, అందులోనూ దంతెవాడ లాంటి జిల్లాకు ఇది ప్రయోగశాల ముచ్చట కాదు. కిడ్నీకి రక్తాన్ని తగ్గించే కారణాలు మూడు అక్కడ ఒకే చోట కలుస్తాయి: మలేరియా, సికిల్ సెల్, ఎండలో చెమటోడ్చే కష్టం. అందుకే అక్కడి ఆరోగ్య కార్యక్రమాలు జ్వరం తగ్గడంతోనే లెక్క మూసెయ్యకూడదు. కిడ్నీ దెబ్బతిని కోలుకున్న ప్రతి మనిషికీ మూడు నెలల తర్వాత ఒక పరీక్ష జరగాలి. అది ఎందుకో తెలియాలంటే ముందు కిడ్నీ లోపలి సంగతి చూడాలి.

శివారు ఆయకట్టు కష్టాలు

రెండు కిడ్నీలు కలిపినా శరీరం బరువులో అర శాతానికి మించవు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు వాటికే వెళ్తుంది. అంటే నిమిషానికి సుమారు ఒక లీటరు. ఇంత రక్తం కిడ్నీ ఆకలి తీర్చడానికి కాదు, వడపోతకు. కిడ్నీలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరున్నర వరకే మూత్రంగా వదిలి, మిగిలినదంతా నాళికల ద్వారా తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి.

చిక్కంతా పంపకంలో ఉంది. కిడ్నీ పై పొరను వల్కలమనీ, లోపలి భాగాన్ని దవ్వ అనీ బడిలో చదువుకున్నదే. వచ్చిన రక్తంలో దాదాపు 90 శాతం వల్కలానికి వెళ్తుంది. దవ్వకు చేరేది పదో వంతే. వల్కలంలో ఆక్సిజన్ పీడనం సుమారు 50 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, దవ్వలో అది 10 నుంచి 20 దగ్గర ఊగిసలాడుతుంది. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీళ్లు పుష్కలంగా అంది, శివారు ఆయకట్టుకు తడి అందడమే గగనమైనట్టు ఉంటుంది ఈ ఏర్పాటు.

ఇది లోపం కాదు. దవ్వలో లవణాల గాఢత ఎక్కువగా నిలిచి ఉంటేనే మూత్రం చిక్కబడుతుంది, ఒంట్లో నీరు మిగులుతుంది. రక్తం అక్కడ జోరుగా పారితే ఆ లవణాలన్నీ కొట్టుకుపోతాయి. అందుకే ప్రవాహం నెమ్మదిగా ఉండాలి. అయితే దవ్వ వెలుపలి భాగంలోని నాళికా కణాలు చేసే పని మాత్రం తక్కువది కాదు. లవణాలను వెనక్కి తోడే ఆ కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. అంటే ఆక్సిజన్ అతి తక్కువగా అందే చోటే దాని అవసరం అతి ఎక్కువ. కాలువలో నీటిమట్టం జానెడు తగ్గితే ముందు ఎండేది శివారు పొలమే. రక్తపోటు పడిపోయినా, వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోయినా, సన్నని రక్తకేశనాళికలు మూసుకుపోయినా ముందు దెబ్బతినేది ఈ కణాలే.

సూక్ష్మజీవి లేకుండానే సైరన్

రోగనిరోధక వ్యవస్థ పని సొంతవాళ్లను వదిలి పరాయివాళ్లను పట్టుకోవడమేనని చాలాకాలం అనుకున్నారు. 1994లో పాలీ మాట్జింగర్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రశ్నించారు. ఆ వ్యవస్థ అసలు గమనించేది సొంతమా పరాయా అన్నది కాదు, ప్రమాదం ఉందా లేదా అన్నది అని ఆమె వాదించారు. మొదట్లో వివాదాస్పదమైన ఈ ఆలోచన, రక్తసరఫరా తగ్గిన అవయవాల విషయంలో బాగా సరిపోయింది.

ఆక్సిజన్ అందని నాళికా కణంలో ముందు ఇంధనం అయిపోతుంది. పంపులు ఆగుతాయి, కణం ఉబ్బుతుంది, కొన్ని కణాలు పగిలి చస్తాయి. అప్పుడు మామూలుగా కణం లోపలే ఉండాల్సిన సరుకు బయట పడుతుంది: ఏటీపీ అణువులు, కేంద్రకంలో డీఎన్ఏను అంటిపెట్టుకుని ఉండే హెచ్ఎంజీబీ1 అనే ప్రొటీన్, మైటోకాండ్రియాల డీఎన్ఏ ముక్కలు. ఇవి విషాలు కావు. కానీ ఉండకూడని చోట కనిపించడమే వాటి నేరం. రోగనిరోధక వ్యవస్థకు అవే ప్రమాద సంకేతాలు.

ఈ సంకేతాలను పట్టుకునే యాంటెనాల్లో ముఖ్యమైనవి టోల్ లైక్ రిసెప్టర్లు. బ్యాక్టీరియా పూతను గుర్తుపట్టే పనిలో వీటి పాత్రను బయటపెట్టినందుకే జూల్స్ హాఫ్‌మన్, బ్రూస్ బాయిట్లర్ 2011 నోబెల్‌లో భాగం పంచుకున్నారు. అయితే ఈ రిసెప్టర్లు పగిలిన సొంత కణాల సరుకుకు కూడా స్పందిస్తాయి. కిడ్నీ నాళికా కణాలపైనే ఇవి ఉంటాయి. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ లేని చిట్టెలుకల కిడ్నీలకు కాసేపు రక్తం ఆపి, మళ్లీ వదిలి చూశారు. మామూలు చిట్టెలుకల కంటే వాటి కిడ్నీలు బాగా తక్కువ దెబ్బతిన్నాయి. రక్తం ఆగడం రెండింటిలోనూ జరిగింది. తేడా అంతా దాన్ని చూసి మోగిన సైరన్‌లోనే ఉంది.

సైరన్ మోగాక జరిగేది వరసగా ఉంటుంది. కణాలు కీమోకైన్లు అనే పిలుపు అణువులను వదులుతాయి. మొదటి రోజుకల్లా న్యూట్రోఫిల్స్ వచ్చి చేరతాయి. వెనకే రక్తం నుంచి మోనోసైట్లు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. వీటి రాకతో సన్నని రక్తనాళాలు వాచి, రక్తం తిరిగి వదిలినా కొన్నిచోట్ల పారదు. సాయానికి వచ్చిన జనమే దారికి అడ్డం పడ్డట్టవుతుంది.

మరమ్మతు మచ్చగా మారే దారి

ఇంతవరకూ వింటే రోగనిరోధక కణాలే దోషులనిపిస్తుంది. నిజం అంత తేలిక కాదు. 2011లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మాక్రోఫేజ్‌లను రెండు వేర్వేరు సమయాల్లో తొలగించి చూశారు. దెబ్బ తగలకముందే తొలగిస్తే కిడ్నీకి నష్టం తగ్గింది. కోలుకునే దశలో తొలగిస్తే మరమ్మతే కుంటుపడింది. తొలి రోజుల్లో మంట పెంచే కణాలే తర్వాత చచ్చిన కణాలను ఊడ్చి, కొత్త కణాల పెరుగుదలకు తోడ్పడతాయి. ఒకే మాక్రోఫేజ్ పూట మారితే పాత్ర మార్చుకుంటుంది.

తేలికపాటి దెబ్బ అయితే ఈ మార్పు సజావుగా జరిగిపోతుంది. బతికిన నాళికా కణాలు విభజన చెంది ఖాళీలు పూడుస్తాయి. వచ్చిన కణాలు పని ముగించుకుని పోతాయి. కిడ్నీ దాదాపు పూర్తిగా కోలుకుంటుంది. దెబ్బ గట్టిదైనా, మళ్లీ మళ్లీ తగిలినా మాత్రం కొన్ని కణాలు మధ్యలో చిక్కుకుంటాయి. 2010లో హార్వర్డ్ బృందం గమనించినది ఇదే: దెబ్బతిన్న కొన్ని నాళికా కణాలు విభజన మొదలుపెట్టి, చివరి మెట్టుకు ముందు ఆగిపోతాయి. అటు చావవు, ఇటు పూర్తిగా బాగుపడవు. అలా ఆగిన కణాలు ఊరుకోకుండా టీజీఎఫ్-బీటా వంటి పెరుగుదల సంకేతాలను వదులుతూనే ఉంటాయి. పగిలిన మైటోకాండ్రియాల నుంచి కారిన డీఎన్ఏ, కణం లోపలి స్టింగ్ అనే అలారాన్ని మోగించి మంటను పొడిగిస్తుందని 2019లో మరో పరిశోధన చూపింది.

ఈ సంకేతాలను అందుకునేది పక్కనే ఉన్న పెరిసైట్లు, ఫైబ్రోబ్లాస్టులు. పెరిసైట్లు మామూలుగా సన్నని రక్తనాళాలను చుట్టి పట్టుకుని ఉంటాయి. టీజీఎఫ్-బీటా సంకేతం అందితే అవి నాళాన్ని వదిలి, కొల్లాజెన్ నేసే మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. కొల్లాజెన్ అంటే చర్మపు గాయాన్ని అతికించే పీచు పదార్థమే. చర్మం మీద మచ్చ పడితే అందం తగ్గుతుంది, అంతే. కిడ్నీలో మచ్చ పడితే ఆ మేరకు వడపోత పోతుంది.

ఇక్కడ ఒక విషవలయం తయారవుతుంది. పెరిసైట్ వదిలేసిన రక్తనాళం బలహీనపడి మూసుకుపోతుంది. 2001లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఒక్కసారి రక్తం ఆగి కోలుకున్న కిడ్నీల్లో కూడా దవ్వ వెలుపలి భాగంలో సన్నని రక్తనాళాల సాంద్రత 30 నుంచి 50 శాతం తగ్గినట్టు తేలింది. నాళాలు తగ్గితే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే మళ్లీ కణాలు నలుగుతాయి, మళ్లీ సైరన్, మళ్లీ మచ్చ. మొదటి దెబ్బకు కారణమైన జ్వరమో విరేచనాలో పోయి నెలలు గడిచినా ఈ చక్రం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది. అప్పటికి మనిషికి నొప్పి ఉండదు, వాపు ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంటుంది.

పూడిక తీసినా నిండని చెరువు

రక్తప్రసరణ ఒక్కటే సమస్య అయితే, దాన్ని సరిచేస్తే సరిపోవాలి. మనుషుల్లో ఈ మాటను పరీక్షించిన సందర్భం ఒకటుంది. వయసు మీదపడినవారిలో కొవ్వు పేరుకుని కిడ్నీ ధమని సన్నబడుతుంది. స్టెంట్ వేసి ఆ ధమనిని తెరిస్తే కిడ్నీ నిలబడుతుందని ఆశించారు. 2009లో ఫలితాలు వెలువడిన ఆస్ట్రల్ అధ్యయనంలో 806 మందిని, 2014 నాటి కోరల్ అధ్యయనంలో 900 మందికి పైగా పరిశీలించారు. మందులు మాత్రమే వాడినవారికీ, మందులతోపాటు స్టెంట్ వేయించుకున్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీనికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉండొచ్చు. అందరి కిడ్నీలూ ధమని వల్లే దెబ్బతిని ఉండకపోవచ్చు. అయితే పరిశోధకులు చెప్పే బలమైన వివరణల్లో ఒకటి, పైపు తెరిచే సమయానికే కిడ్నీ లోపల మంట, మచ్చ సొంతగా నడుస్తున్నాయన్నది. చెరువు పూడిక తీసినా, అందులోకి నీరు తెచ్చే వాగులు ముందే మూసుకుపోతే ఏం లాభం? కిడ్నీ విషయంలో సమయానికి విలువ అంత ఎక్కువ. రక్తసరఫరా తగ్గిన తర్వాతి రోజులూ వారాలే అసలైన కిటికీ. వైద్య పరిభాషలో 7 రోజుల నుంచి 90 రోజుల మధ్య సాగే కిడ్నీ లోపాన్ని విడిగా గుర్తించడం మొదలైంది కూడా అందుకే. 90 రోజులు దాటినా తగ్గకపోతే అది దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి.

ఇది అరుదైన ముప్పు కాదు. మొత్తం 82 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన విశ్లేషణ ప్రకారం, ఆసుపత్రిలో ఒకసారి కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నవారికి తర్వాత దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి వచ్చే ముప్పు మిగతావారికంటే దాదాపు 2.7 రెట్లు.

దంతెవాడలో కలిసే మూడు దారులు

దంతెవాడ అంటే తెలుగువాళ్లకు దూరపు ఊరేమీ కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం దశాబ్దాలుగా కిరందుల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు దిగుతోంది. కిరందుల్, బచేలీ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. బస్తర్ దక్షిణపు పల్లెల నుంచి ఏటా మిరపకోతలకు కూలీలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, ఖమ్మం జిల్లాలకు వస్తారు. అక్కడి ఆరోగ్యం ఇక్కడి ఆరోగ్యంతో ముడిపడి ఉంది.

మొదటి దారి మలేరియా. ఫాల్సిపేరం పరాన్నజీవి చేరిన ఎర్రరక్తకణాలు జిగురుగా మారి సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుంటాయి. రక్తం నడక మందగిస్తుంది. అదే సమయంలో పగిలిన ఎర్రకణాల నుంచి హీమ్ అనే ఇనుము కలిగిన అణువు రక్తంలోకి వస్తుంది. అది నాళికలకు హాని చేస్తుంది, పైగా పైన చెప్పిన టీఎల్ఆర్4 సైరన్‌ను తానే మోగించగలదు. రక్తం తగ్గడం, సైరన్ మోగడం రెండూ ఒకే రోగంలో జంటగా వస్తాయి. తీవ్ర మలేరియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లలను ఉగాండాలో తర్వాత కూడా గమనించినప్పుడు, అప్పట్లో కిడ్నీ దెబ్బతిన్నవారిలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

మలేరియాపై బస్తర్ సాధించినది చిన్న విషయం కాదు. 2020 జనవరిలో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో సిబ్బంది వాగులు దాటి, అడవి దారుల్లో నడిచి, ఇంటింటికీ వెళ్లి జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేశారు. మొదటి విడతలో 4.6 శాతంగా ఉన్న పాజిటివ్ రేటు తర్వాతి విడతల్లో ఒక శాతం దిగువకు వచ్చింది. ఆ లెక్కలో కేసులుంటాయి, మరణాలుంటాయి. బతికిన మనిషి కిడ్నీ ఎలా ఉందన్న గడి మాత్రం ఆ పట్టికలో చేరాలి.

రెండో దారి సికిల్ సెల్. మధ్య భారతపు గిరిజన సముదాయాల్లో ఈ జన్యువు విస్తృతంగా ఉంది. దానికి కారణం కూడా మలేరియాయే. ఒక ప్రతి మాత్రమే ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది కాబట్టే తరతరాలుగా ఆ జన్యువు నిలిచింది. రెండు ప్రతులూ వచ్చినవారికి మాత్రం అది రోగం. ఆక్సిజన్ తగ్గిన చోట, లవణాల గాఢత పెరిగిన చోట వాళ్ల ఎర్రకణాలు కొడవలిలా వంగుతాయి. శరీరంలో ఆ రెండు పరిస్థితులూ కలిసి ఎప్పుడూ ఉండే చోటు దవ్వే. అక్కడి సన్నని నాళాలు పదే పదే మూసుకుని తెరుచుకుంటాయి. చిన్నప్పటి నుంచే మూత్రం చిక్కబడే శక్తి పోతుంది. మలేరియా కిడ్నీకి ఒక్క పెద్ద దెబ్బ కొడితే, సికిల్ సెల్ రోజూ చిన్న దెబ్బ కొడుతుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. జన్యువును పట్టుకోవడం మొదటి మెట్టు. దొరికిన ప్రతి రోగికీ ఏటా మూత్రంలో ఆల్బుమిన్ చూడటం రెండో మెట్టు కావాలి.

మూడో దారి ఎండ, పని, నొప్పి మాత్ర. మిరపకోతలు సాగేది ఎండలు ముదిరే కాలంలోనే. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ తన రక్తనాళాలను తెరిచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే అణువుల మీద ఆధారపడుతుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఆపేది సరిగ్గా ఆ అణువులనే. నడుము నొప్పికి సాయంత్రం వేసుకున్న మాత్ర, నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకాస్త బిగిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కిడ్నీ జబ్బు అనగానే తెలుగు పాఠకులకు ఉద్దానం గుర్తొస్తుంది, ఛత్తీస్‌గఢ్‌లో గరియాబంద్ జిల్లా సుపేబేడా గుర్తొస్తుంది. ఆ రెండు చోట్లా వ్యాధికి మూలకారణం మీద చర్చ ఇంకా నడుస్తోంది. దంతెవాడ సంగతి వేరు. ఇక్కడ చెబుతున్న కారణాలు తెలిసినవి, చాలావరకు ఆపగలిగినవి. శంఖినీ నది ఎర్రగా పారుతోంది కాబట్టి కిడ్నీలు పాడవుతాయని తేల్చెయ్యడం సైన్సు కాదు. తెలిసిన కారణాలను వదిలి తెలియని వాటి వెంట పడటమూ సైన్సు కాదు.

మాత్ర ఇంకా ఎందుకు రాలేదు

సైరన్ మోగడమే సమస్య అయితే దాన్ని ఆపే మందు ఇస్తే పోదా అన్నది సహజమైన ప్రశ్న. చిట్టెలుకల్లో ఇలాంటివి డజన్ల కొద్దీ పనిచేశాయి. మనుషుల్లో మాత్రం, హఠాత్తుగా దెబ్బతిన్న కిడ్నీ మచ్చగా మారకుండా ఆపే ఆమోదిత మందు నేటికీ లేదు.

కారణాలు అర్థం చేసుకోదగ్గవే. ప్రయోగశాలలో రక్తం ఎప్పుడు ఆగిందో నిమిషాలతో సహా తెలుసు. ఆసుపత్రికి వచ్చిన మనిషికి ఆ గడియ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మాక్రోఫేజ్‌లను ఏ రోజు ఆపాలి, ఏ రోజు ఆపకూడదు అన్నది తేడా పడితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. టీజీఎఫ్-బీటాను అడ్డుకునే యాంటీబాడీని మధుమేహ కిడ్నీ వ్యాధిలో పరీక్షించి, ఫలితం కనిపించక మధ్యలోనే ఆపేశారు. ఒకే సంకేతానికి శరీరంలో పది పనులుంటాయి. పైగా మలేరియా, క్షయ ఉన్న ప్రాంతంలో రోగనిరోధక వ్యవస్థను గుడ్డిగా అణిచిపెట్టడం నిప్పుతో చెలగాటమే.

అలాగని చేతిలో ఏమీ లేదని కాదు. మచ్చ మొదలైందని త్వరగా తెలిస్తే దాని నడకను నెమ్మదించే మందులు, పద్ధతులు ఉన్నాయి. రక్తపోటును అదుపులో ఉంచడం, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే ఎనలాప్రిల్, లోసార్టాన్ వంటి చవక మందులు వైద్యుల పర్యవేక్షణలో వాడటం, అర్హులైన వారికి ఎస్‌జీఎల్‌టీ2 మందులు, నొప్పి మాత్రలకు దూరం, మళ్లీ మలేరియా రాకుండా దోమతెర. వీటన్నిటికీ ఒకటే షరతు: ఎవరికి అవసరమో ముందే తెలియాలి.

మూడు నెలల పరీక్ష

ఆ తెలుసుకునే దారి కొత్తదేమీ కాదు. కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్న ప్రతి రోగినీ మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలని అంతర్జాతీయ కేడీఐజీఓ మార్గదర్శకాలు 2012లోనే చెప్పాయి. ఆపగలిగిన కిడ్నీ మరణాలు 2025 నాటికి ఒక్కటీ ఉండకూడదని అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం 2013లో లక్ష్యం ప్రకటించింది. ఆ గడువు వచ్చి పోయింది. గడువు దాటినంత మాత్రాన పని అనవసరమైపోదు.

పరీక్షలో ఏం చూడాలన్నది కూడా ముఖ్యమే. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టవుతుంది. కిడ్నీ సామర్థ్యం దాదాపు సగం పోయేదాకా ఆ అంకె మామూలు హద్దులోనే ఉండొచ్చు. అది కండరాల నుంచి తయారయ్యే పదార్థం. బక్కపలచని మనిషిలో, పోషకాహారం అందని తల్లిలో, సికిల్ సెల్ రోగిలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే ఉంటుంది. నగరంలో జిమ్‌కు వెళ్లే యువకుడికి మామూలు అనిపించే 1.1 అంకె, 40 కిలోల గిరిజన మహిళకు హెచ్చరిక కావచ్చు. అందుకే దానితోపాటు మూత్రంలో ఆల్బుమిన్, రక్తపోటు చూడాలి. మూత్రంలో ముంచే స్ట్రిప్, రక్తపోటు యంత్రం, ఒక చుక్క రక్తం. ఇవి పెద్ద ఆసుపత్రి అడగవు.

అవి ఊరి దగ్గరికి చేరే దారులు ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పటికే ఉన్నాయి. ఆ రాష్ట్రంలో 2002 నుంచి పనిచేస్తున్న మితానిన్లు, మన ఆశా కార్యకర్తలకు అక్కల్లాంటివాళ్లు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు ఆసుపత్రికి వెళ్లి తిరిగొచ్చారో వాళ్లకు తెలుసు. వారపు సంతల్లో వైద్యం అందించే హాట్ బజార్ క్లినిక్‌లు 2019లో మొదలయ్యాయి. ఉప్పుకీ నూనెకీ సంతకు వచ్చిన మనిషి అక్కడే రక్తపోటు చూపించుకుని, మూత్రపరీక్ష చేయించుకోగలడు. కావాల్సింది కొత్త భవనం కాదు. డిశ్చార్జి కాగితం మీద 'కిడ్నీ దెబ్బతింది, మూడు నెలలకు పరీక్ష' అన్న ఒక్క వాక్యం, ఆ వాక్యం మితానిన్ దాకా చేరే ఏర్పాటు.

సరిహద్దు దాటే రోగుల విషయంలో ఇది మరీ అవసరం. బస్తర్ పల్లెల నుంచి భద్రాచలం ఆసుపత్రికి రావడం కొత్త కాదు. వైద్యం తెలంగాణలో జరిగి, మనిషి ఛత్తీస్‌గఢ్‌లో బతుకుతుంటే ఆ కాగితం ఎవరి బాధ్యత? తెలుగులో రాసిన సూచన గోండీ, హల్బీ మాట్లాడే ఇంటికి ఎలా చేరుతుంది? రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు, సరిహద్దు జిల్లాల వరకైనా, ఇలాంటి రోగుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేసుకోవాలి. దోమకూ కిడ్నీకీ రాష్ట్రపు హద్దు తెలియదు.

అసలే సిబ్బంది కొరత, అసలే పని భారం, ఇంకో పరీక్షా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఇది ఊరందరికీ చేసే పరీక్ష కాదు. ఆసుపత్రిలో కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలినవారికీ, సికిల్ సెల్ రోగులకీ మాత్రమే. దాని ఖర్చును పోల్చాల్సింది సున్నాతో కాదు, డయాలిసిస్‌తో. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం పేదలకు ఆ సేవను ఉచితం చేసింది. కానీ వారానికి రెండు మూడు సార్లు, పూటకు నాలుగు గంటలు యంత్రం పక్కన పడుకోవడానికి అడవి ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వచ్చే కూలీకి ఆ రోజుల కూలి ఎవరూ ఇవ్వరు. ఉద్దానం ప్రజల కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అది అవసరమే. కానీ ఆసుపత్రి దాకా వెళ్లే పరిస్థితి రాకుండా చూసే పని ఇంటి దగ్గరే మొదలుకావాలన్న పాఠం కూడా ఉద్దానానిదే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వైద్యం ఎంత ఉచితమైనా ఖరీదైనదే.

రోగనిరోధక సంకేతాల మీద పరిశోధన ఏదో ఒక రోజు మచ్చను ఆపే మందును ఇవ్వొచ్చు. ఈలోగా ఆ పరిశోధన ఇప్పటికే ఇచ్చిన జ్ఞానం ఒకటుంది: తగ్గినట్టు కనిపించిన కిడ్నీ లోపల పని ఇంకా ముగియలేదు. ఈ మాట మందుల కంపెనీలకు ఎంత ముఖ్యమో, డిశ్చార్జి కాగితం రాసే యువ డాక్టర్‌కు అంతకంటే ముఖ్యం. అందుకే దంతెవాడలో మలేరియా కేసు ముగిసిందని రాసే తేదీ, రోగి ఇంటికి వెళ్లిన రోజు కాకూడదు. మూడు నెలల తర్వాత సంతలో మూత్రపరీక్ష చేసిన రోజు కావాలి.